బడి భాష, ఇంటి భాష: ఒక అరబిక్ పాఠ్యపుస్తకం నుంచి

అమెరికా విశ్వవిద్యాలయాలలో అరబిక్ బోధనకు విస్తృతంగా వాడిన పాఠ్యపుస్తకం ‘అల్ కితాబ్’. క్రిస్టన్ బ్రుస్టాడ్, మహమూద్ అల్ బతాల్, అబ్బాస్ అల్ తూన్సీ రాసిన ఈ గ్రంథాన్ని జార్జ్‌టౌన్ విశ్వవిద్యాలయ ముద్రణాలయం 1995లో ప్రచురించింది. అందులో ‘మహా’ అనే అమ్మాయి తన కథ తానే చెబుతుంది. తండ్రి ఈజిప్టు దేశస్థుడు, ఐక్యరాజ్యసమితిలో అనువాదకుడు, తల్లి పాలస్తీనా మహిళ, నివాసం న్యూయార్కు. రట్గర్స్ విశ్వవిద్యాలయపు ప్రాంగణాలున్న పిస్కాటవే ఆ నగరానికి ఎంతో దూరం కాదు. అక్కడి తెలుగు కుటుంబాలకు మహా పరిస్థితి అంతకన్నా దగ్గరది.

తొలి కూర్పులో ఆ అమ్మాయి ప్రధాన కథనం ఫుస్‌హాలో, అంటే పత్రికల, ప్రసంగాల ప్రామాణిక అరబిక్‌లో సాగుతుంది. ఏ ఇంట్లోనూ బిడ్డలు తల్లితో ఆ భాష మాట్లాడరు. రాతకు ఒక రూపం, మాటకు మరొక రూపం ఉండే ఈ స్థితినే చార్లెస్ ఫెర్గూసన్ 1959లో ‘డైగ్లోసియా’ పేరిట వివరించాడు. మొదటి పాఠాలలోనే ‘ఐక్యరాజ్యసమితి’ అనడం నేర్చిన విద్యార్థి కైరో వీధిలో టీ అడగడానికి తడబడతాడన్న విమర్శ అందుకే వచ్చింది.

2011లో మొదలైన మూడవ కూర్పు ఈజిప్టు, షామీ మాండలికాలను ఆరంభం నుంచే ఫుస్‌హా పక్కన నిలిపింది. దీనిలోనూ లోపాలున్నాయి. ఒకే మాటకు మూడు రూపాలు కొత్త విద్యార్థికి బరువు. మొరాకో, ఇరాక్ మాండలికాలకు చోటు లేదు. అయినా ఇంటి మాటను దోషంగా కాక పాఠంగా స్వీకరించడం ఈ కూర్పు సాధించిన మేలు.

గిడుగు రామమూర్తి కృషి వల్ల తెలుగులో ఈ అగాధం చాలావరకు పూడింది. పూర్తిగా కాదు. తెలంగాణ ఇంటి బిడ్డ ‘వస్తున్న’ అంటే, రాయలసీమ ఇంటి బిడ్డ ‘వస్తాండా’ అంటే, వారాంతపు బడిలో అది ‘వస్తున్నాను’గా దిద్దబడే అవకాశమే ఎక్కువ. రాతకు ఆ దిద్దుబాటు అవసరమే. మాటకూ అదే నియమం పెట్టినప్పుడు నష్టం ఎంతో లెక్క చెబుతుంది.

ఆంగ్లం మాతృభాషగా ఉన్న ఉద్యోగులు వృత్తిస్థాయి ప్రావీణ్యం సాధించడానికి అరబిక్‌కు సుమారు 2,200, తెలుగుకు సుమారు 1,100 తరగతి గంటలు కావాలని అమెరికా విదేశాంగ శాఖ శిక్షణ సంస్థ అంచనా. పిల్లల చదువుకు ఇది సరైన కొలత కాదు గాని, పరిమాణం తెలుస్తుంది. వారానికి రెండు గంటల చొప్పున ఏడాదికి 35 వారాలు నడిచే బడి ఇవ్వగలిగేది 70 గంటలు. ఆ లెక్కన 1,100 గంటలకు పదిహేనేళ్ళు దాటుతుంది. మిగిలిన గంటలు దొరికేది ఇంట్లోనే.

అరబిక్‌కు అవకాశం ప్రభుత్వ అవసరం నుంచి వచ్చింది. కళాశాలల్లో 2002లో 10,584గా ఉన్న నమోదులు 2006కు 23,974కు చేరాయి. ఆ తరువాత మరికొంత పెరిగి, మళ్ళీ తగ్గాయి. తెలుగుకు అటువంటి అండ లేదు. ఉన్నది అమ్మానాన్నల, అమ్మమ్మా తాతయ్యల మాట. బడి ఆ మాటను తప్పని తీర్పు చెబితే, బిడ్డ సరైన తెలుగుకు మారడు, ఆంగ్లానికి మారతాడు.