కండరశక్తి పాఠము – ఒక పరిశీలన

విజయపురి సౌత్‌లో, సాగరు కుడిగట్టున, నూరు మీటర్ల పరుగు ముగించి రొప్పుచున్న ఒక కుర్రవానిని "ఇంత శక్తి నీకెక్కడిది?" అని ఒకనాడు అడిగితిని. "ఆక్సిజన్ చాలనప్పుడు కండరములో లాక్టిక్ ఆమ్లము పుట్టును. శక్తియు దానివలననే, నొప్పియు దానివలననే" అని తడుముకొనకుండ చెప్పెను. తప్పు అతనిది కాదు. అవాయు శ్వాసక్రియను మనము తరగతిలో చెప్పు తీరే అట్టిది. ఆ తీరునే ఇచట పరిశీలింతము.

పాఠములో నిజము లేకపోలేదు. గ్లూకోజు అణువు ఆమ్లజని (ఆక్సిజన్) అక్కరలేకయే పది మెట్లలో రెండు పైరువిక్ ఆమ్లపు అణువులుగా విడిపోవును. ఖర్చు పోగా కణమునకు రెండు ఏ.టి.పి. అణువులు మిగులును. ఆమ్లజనితో పూర్తిగా దహనమైనచో సుమారు 30 లభించును. ఇంతవరకు పాఠము చక్కగనే నడచును.

అయితే పైరువిక్ ఆమ్లము అచటనే ఆగక లాక్టిక్ ఆమ్లముగా ఏల మారవలెను? ఈ ప్రశ్నను మనము దాటవేయుదుము. గ్లూకోజు విడిపోవునప్పుడు వెలువడు హైడ్రోజనును ఎన్.ఏ.డి. అను పదార్థము మోయును. అది కణములో కొద్దిగనే కలదు. బరువు దించిననే గాని మరల పనికి రాదు. ఆమ్లజని అందనప్పుడు ఆ బరువును పైరువిక్ ఆమ్లముపై దించును. అట్లు ఏర్పడినదే లాక్టిక్ ఆమ్లము. ఈస్టు మరొక దారిని దించి ఆల్కహాలును, బొగ్గుపులుసు వాయువును ఇచ్చును. కావున లాక్టిక్ ఆమ్లము శక్తికి మూలము కాదు. శక్తినిచ్చు పని ఆగిపోకుండ కణము చేసికొన్న ఏర్పాటు.

రెండవ లోపము మనకు మరింత దగ్గరిది. ఆమ్లజని లేని కప్ప కండరములో లాక్టిక్ ఆమ్లము పేరుకొనునని 1907లో ఫ్లెచర్, హాప్కిన్స్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞులు చూపిరి. పిమ్మట, కండరమును ముడుచునది ఆ ఆమ్లమే యను నమ్మకము బలపడెను. అట్టి కాలమున, 1927లో, భీమవరమున పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు హార్వర్డులో సైరస్ ఫిస్క్‌తో కలిసి కండరములో ఫాస్ఫోక్రియేటిన్ అను భాస్వర పదార్థమును గుర్తించిరి. కండరము పనిచేయునప్పుడు అది తరుగును. విశ్రాంతిలో మరల నిండును. 1929లో వారిరువురును, జర్మనీలో విడిగా లోమాన్‌యు, ఏ.టి.పి.ని కనుగొనిరి. 1930లో డెన్మార్కు శాస్త్రజ్ఞుడు లుండ్స్‌గార్డ్, లాక్టిక్ ఆమ్లము పుట్టకుండ మందు పట్టించిన కండరము సైతము ముడుచుకొనుననియు, అప్పుడు ఫాస్ఫోక్రియేటిన్ తరుగుచుండుననియు చూపెను. దానితో పాత సిద్ధాంతము కూలెను.

సుబ్బారావుగారి చిత్రపటమునకు దండ వేయుదుము. ఆయన పరిశోధన అవసరమైన పాఠములో మాత్రము మనలో పలువురము ఆయన పేరెత్తము. పైగా ఆ పరిశోధన తొలగించిన అపోహనే పిల్లలకు అప్పగింతుము. ఇది విచారింపదగిన సంగతి.

ఇక నొప్పి మాట. శ్రమ ఆగిన సుమారు గంటలో రక్తములోని లాక్టిక్ ఆమ్లము మామూలు స్థితికి వచ్చును. గుండె దానిని ఇంధనముగా వాడుకొనును. కాలేయము దానినుండి మరల గ్లూకోజును చేయును. మరునాటి నొప్పికి, అలవాటులేని శ్రమవలన కండరపు పోగులకు కలుగు సూక్ష్మమైన గాయములే ముఖ్య కారణమని నేటి శాస్త్రజ్ఞుల అభిప్రాయము.

ఈ పాఠమును సరిదిద్దుటకు క్రొత్త పుస్తకము రానక్కరలేదు. నల్లబల్లపై మూడు పంక్తులు వ్రాసిన చాలును: నిలువయున్న ఏ.టి.పి., ఫాస్ఫోక్రియేటిన్, ఆమ్లజని లేని గ్లూకోజు విచ్ఛేదము, ఆమ్లజనితో దహనము. మూడును పరుగుతోనే మొదలగును. ఏది ఎంత పాలు ఇచ్చునన్నది మాత్రమే క్షణక్షణమునకు మారును. నూరు మీటర్ల పరుగులో మొదటి రెండింటిదే పెద్ద పాలు. మొదటి పంక్తి ప్రక్కన సుబ్బారావుగారి పేరు వ్రాయుడు. అది అలంకారము కాదు, ఆ పాఠములో న్యాయముగా ఆయనకు చెందిన చోటు.