నకలు హాస్యము – నేటి మీములు

చేతి ఫోనులలో పుట్టి రెండు మూడు దినములలో అందే అణగిపోవు 'మీము'లకు సాహిత్యవిచారమేల యని పండితులు కొందరు ఆక్షేపింపవచ్చును. చాటువులును ఒకప్పుడు ఇట్లే కర్త పేరు జారి, పాఠము మారి, నోటినుండి నోటికి తిరిగినవే కదా! వేటూరి ప్రభాకరశాస్త్రిగారు వానిని 'చాటుపద్యమణిమంజరి'గా కూర్పకున్నచో ఎన్ని మనకు దక్కియుండెడివో చెప్పజాలము. కావున మీములలో ఒక తెగను మాత్రమిచట పరీక్షింతును. ప్రసిద్ధమైన వస్తువును, దాని చవుక నకలును ప్రక్కప్రక్కన నిలిపి నవ్వించునవి ఈ తెగలోనివి. "మేము కోరినది – మాకు చేరినది" యనునది వీని పల్లవులలో ఒకటి. "పేదవాని ఫలానా" యనునది మరియొకటి.

మీమను పేరే అనుకరణమును చెప్పును. 1976లో రిచర్డ్ డాకిన్స్ అను జీవశాస్త్రజ్ఞుడు అనుకరణార్థకమైన గ్రీకు పదమునుండి దీనిని కల్పించెను. మనకు ఇంతకంటె అక్కరకు వచ్చునవి అసలు, నకలు అను మాటలు. రెండును అరబ్బీలో పుట్టి, పారసీ ఉర్దూల మీదుగా మన కచేరీలకును అంగళ్లకును చేరినవి. ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతమున తెలుగు, కన్నడము, ఉర్దూ మూడును వినవచ్చును. 1953 అక్టోబరు 1వ తేదీకి పూర్వము ఆదోని తాలూకా బళ్లారి జిల్లాలోనిది. రిజిస్ట్రారు కచేరీలో 'నకలు' ప్రమాణపత్రము. అంగడిలో 'నకిలీ' మోసము. ఒకే మూలమునుండి వచ్చిన మాటలలో ఒకటి సాక్ష్యము చెప్పుచుండగా రెండవది బోనెక్కినది! మీము ఈ రెంటిలో దేనికిని చెందదు. అది తాను నకలునని చాటుకొనుచునే నకలును చూపును. అందుచేత దానియందు మోసము లేదు.

ఆలంకారికుల దృష్టితో చూచినచో దీని నిర్మాణము సులభముగా తెలియును. ఎడమ బొమ్మ ఉపమానము, కుడి బొమ్మ ఉపమేయము, వాచకము లేదు, సాధారణధర్మమును కన్ను తానే గ్రహించును. ఉపమేయముకంటె ఉపమానము తక్కువదగుట హీనోపమ యని, అది దోషమని ప్రాచీనులనిరి. ధీమంతులకు వెగటు కలుగనిచోట హీనాధికత్వములు దోషములు కావని దండి సడలించెను. మీము ఈ హీనతను ఉపమానమునుండి ఉపమేయమునకు మార్చి, దానినే ప్రాణముగా చేసికొన్నది. శృంగారముయొక్క అనుకృతియే హాస్యమని భరతుడు చెప్పగా, అభినవగుప్తుడు దానిని సర్వరసముల ఆభాసములకును విస్తరించెను. ఈ సూత్రమునకు భాగవత దశమస్కంధములోని పౌండ్రకునికంటె మంచి ఉదాహరణము నాకు తోచదు. శంఖము, చక్రము, కౌస్తుభము, గరుడధ్వజము – అన్నియు కూర్చుకొని, తానే వాసుదేవుడనని, ఆ పేరు విడువుమని శ్రీకృష్ణునకే కబురంపినవాడతడు. రంగమెక్కిన నటునివలె ఎదుట నిలిచిన యతనిని చూచి కృష్ణుడు నవ్వెను. వేషములో లోపముండుటచేత గాదు, లోపమే లేకుండుటచేత ఆ నవ్వు పుట్టినది. మంచి మీమునకును ఇదియే గురుతు. నకలు ఒక్క అంశమున అసలును గట్టిగా పట్టుకొనవలెను; కేవలము వికారమైన బొమ్మ నవ్వింపజాలదు. జలసూత్రం రుక్మిణీనాథశాస్త్రిగారి (1914–1968) పేరడీలు నిలిచినదియు ఈ బలముచేతనే.

ఐతే పౌండ్రకుడు అహంకారి. పులిని చూచి వాతలు పెట్టుకొన్న నక్కయు అట్టిదే. లేమివలన నకలుతో సరిపెట్టుకొన్నవాని సంగతి యేమి? శ్రీనాథునిదని ప్రతీతిగల పలనాటి చాటువు ఇచట జ్ఞప్తికి వచ్చును. ఆ సీమలో రంభకును ఏకులు వడకుటయే పని, ఏలికకు దుక్కి తప్పదు, మన్మథునకును జొన్నకూడే గతియని దాని భావము. ఇది నేటి "పేదవాని రంభ" మీమే. బొమ్మ లేదు, అంతే. పలనాటివారు దీనిని ఎట్లు పుచ్చుకొందురో గాని, ప్రత్తి పండించి జొన్నరొట్టె తిను ఆదోని వారికి దీనిలో నవ్వదగినవాడు అచటికి షోకులు వెదకుచు వచ్చిన రసికుడే. ఏకులు వడకు రంభ రంభయే కదా!

ఆదోనికి రెండవ బొంబాయి యను బిరుదున్నది. ప్రొద్దుటూరును ఆ బిరుదు ధరించినదే. వర్తకసమృద్ధిని పొగడుటకు పుట్టిన మాటయైనను, 'రెండవ' యనుటలోనే ఎడమ బొమ్మ, కుడి బొమ్మ సిద్ధమైనవి. బొంబాయి సముద్రద్వారమును ఒక ప్రక్కను, ప్రత్తి బోరెములు దిగు ఆదోని మార్కెటు వాకిలిని వేరొక ప్రక్కను నిలిపి, "ఇంట నున్న బొంబాయి" యని వ్రాసినారనుకొందము. ఊరివాడు వ్రాసినచో అది వ్యాజస్తుతి. పైనుండి చూచువాడు వ్రాసినచో నిందయే. అక్షరము మారలేదు, వక్త మారినాడు. వక్తృవిశేషమువలన వ్యంగ్యము మారునను ధ్వనివాదుల మాటకు ఇంతకంటె నిదర్శనమేల? కర్త పేరు లేక తిరుగుటవలన మీము ఈ ఆధారమునే పోగొట్టుకొనుచున్నది. అది దాని పెద్ద లోపము.

ఎమ్మిగనూరి విషయము మరింత గట్టిది. 1938లో మాచాని సోమప్పగారి పూనికతో అచట చేనేతకారుల సహకారసంఘమేర్పడెను. చేనేతను పోలి మరమగ్గములపై దిగు వస్త్రము సాలెవాని కూటికి ఎసరు పెట్టును గనుక, 1985లో కొన్ని రకములను చేమగ్గములకే ప్రత్యేకించుచు కేంద్రచట్టము వచ్చెను; 2006లో చేనేత ముద్రయు వచ్చెను. ఇచట నకలు హాస్యవిషయము మాత్రము కాదు, జీవికకు సంబంధించినది. చేనేత చీరను ఎడమను, దాని పేరుతో అమ్ము మరమగ్గపు చీరను కుడిని నిలుపు మీము వంచకుని నవ్వును. బ్రాండు చొక్కాను ఎడమను, సంతలో కొన్న కూలివాని చొక్కాను కుడిని నిలుపునది కొనలేనివానిని నవ్వును. ఈ రెండవదియే సులభము గనుక విరివిగా పుట్టుచున్నది. దీనిలో వెగటు కలుగును గనుక, దండి యిచ్చిన మినహాయింపు దీనికి చెల్లదు.

భాష విషయమై ఒక్క మాట. చాల మీములలో తెలుగు మాట రోమను లిపిలో నుండును. అందుచేత హ్రస్వదీర్ఘములు, ళకారలకారములు కలగాపులగమై, శ్లేష పండవలసినచోట పొల్లగుచున్నది. తెలుగు లిపిలో వ్రాయబడినవానిని, ప్రచారములోనికి వచ్చిన తేదీతోను, పాఠాంతరములతోను, ఏ యూరివారు ఎవరినుద్దేశించి వ్రాసిరో తెలిసినంతవరకు ఆ వివరముతోను సేకరించుట పరిశోధకులు ఇప్పుడే చేపట్టదగిన పని.