ఆ ఇంట్లో మీ చేతికి ఏం వదిలేస్తారు?

అమెరికాలో డిగ్రీకి సీటొచ్చిన మన పిల్లల్లో కొందరికి వెనకే ఇంకో పిలుపు అందుతుంది. లీడర్‌షిప్ ప్రోగ్రాంలో చేరితే ఆ బృందమంతా ఒకే హాస్టల్లో ఉంటుంది, దానికో క్లాసు, కొంత సేవ. మా తమ్ముడి కూతురికీ అలాంటిదే వచ్చింది. "చేరమంటావా పెదనాన్నా?" అని అడిగింది. అక్కడ మీ చేతికి ఏం వదిలేస్తారో ముందు కనుక్కోమన్నాను.

నాయకత్వం మీద ఉపన్యాసాలు వినడానికి హాస్టల్ మారక్కర్లేదు. కలిసి బతకడంలో లాభం వేరు. సాయంత్రం మీటింగులో నువ్వు కాదన్న మనిషే రాత్రి అన్నానికి నీ ఎదురుగా కూర్చుంటాడు. రేపు పనికి మళ్ళీ అతనే కావాలి.

ఎల్.ఎల్. నన్ దీన్ని వందేళ్ళ కిందటే పట్టుకున్నాడు. కొలరాడోలోని టెల్యురైడ్ దగ్గర బంగారు గనికి 1891లో ఏసీ కరెంటు అందించిన వ్యాపారి ఆయన. తన విద్యుత్ కేంద్రాల్లో కుర్రాళ్ళను పనిలో పెట్టుకుని వాళ్ళకు చదువూ చెప్పించాడు. 1911లో టెల్యురైడ్ అసోసియేషన్ స్థాపించాడు. కార్నెల్ యూనివర్సిటీలో ఆయన కట్టించిన ఇంట్లో ఉండే విద్యార్థులకు గది, భోజనం స్కాలర్‌షిప్పే. ఆ ఇంటిని నడిపే బాధ్యత మాత్రం వాళ్ళది. అమెరికా తొలి మహిళా కేబినెట్ మంత్రి ఫ్రాన్సెస్ పెర్కిన్స్ కార్నెల్లో పాఠాలు చెబుతూ, 1960 నుంచి 1965లో పోయేదాకా, ఆ పిల్లల మధ్యే ఉన్నారు.

నన్ అక్కడితో ఆగలేదు. 1917లో కాలిఫోర్నియా ఎడారి లోయలో డీప్ స్ప్రింగ్స్ కాలేజీ పెట్టాడు. ఉండేది ముప్ఫైమంది లోపు. పశువులున్న రాంచ్, చదువుతోపాటు రోజూ ఒళ్ళొంచి పని. కొత్తవాళ్ళను చేర్చుకోవడంలో, పాఠాలు చెప్పేవాళ్ళను ఎంచుకోవడంలో విద్యార్థుల కమిటీల మాట చెల్లుతుంది. పాలు పితికే వంతు వచ్చినవాడు లేవకపోతే ఆవు బాధపడుతుంది, వంటింటికి పాలుండవు. బాధ్యత అంటే ఏమిటో అతనికి ఇంకెవరూ చెప్పనక్కర్లేదు. ఇంత మంచి చోట ఆడపిల్లలకు 2018 దాకా ప్రవేశం లేకపోవడం మాత్రం నాకు నేటికీ కష్టంగానే ఉంటుంది.

మన యూనివర్సిటీ హాస్టళ్ళలో ఈ పాఠం మెస్ సెక్రటరీకి దొరికేది. డివైడింగ్ మెస్‌లో నెల ఖర్చంతా తిన్నవాళ్ళ మీద పడుతుంది. కందిపప్పు ఎంతకు కొన్నాడో, నూనె ఎందుకు ముందే అయిపోయిందో నెలాఖరున అడిగిన ప్రతివాడికీ చెప్పాలి. 1969లో మొదలైన ఎన్‌ఎస్‌ఎస్‌లోనూ ఏడు రోజుల ఊరి క్యాంపు ఉంది. అక్కడ వంటా వార్పూ పిల్లలకే వదిలేసిన చోట వారం తిరిగేసరికి మనుషులు మారడం చూశాను. అన్నీ లెక్చరర్లే చూసుకున్న చోట ఫొటోలు మిగిలాయి.

అందుకే ఆ అమ్మాయికి వచ్చిన కాయితాలు ఇద్దరం కూర్చుని చదివాం. వక్తలు, వర్క్‌షాపులు, సర్టిఫికెట్ నిండుగా ఉన్నాయి. హాస్టల్ డబ్బు ఖర్చుపెట్టేది ఎవరు, ఇద్దరికి గొడవొస్తే తీర్చేది ఎవరు, వచ్చే ఏడాది ఎవరిని చేర్చుకోవాలో చెప్పేది ఎవరు, ఇవేవీ లేవు. ఈమెయిల్ రాసి అడగమన్నాను. ఆఫీసు చూపించే పాత విద్యార్థులతో సరిపెట్టుకోకుండా, మధ్యలో మానేసినవాళ్ళు ఒక్కరైనా దొరికితే వాళ్ళతో మాట్లాడమన్నాను.

నెమ్మదస్తులకు ఇలాంటి ప్రోగ్రాంలు పనికిరావంటారు. నేను ఒప్పుకోను. ఎవరు భోజనానికి రాలేదో గమనించేది తరచుగా వాళ్ళే. ఎఫ్-1 వీసా మీద వారానికి 20 గంటలదాకా క్యాంపస్ ఉద్యోగం చేసుకుంటూ చదివే పిల్లవాడికి మాత్రం వద్దనే చెబుతాను. ఆ సాయంత్రాలు అతనికి నిద్రకు కావాలి, బాధ్యత ఎలాగూ నెత్తిన ఉంది.

మా అమ్మాయికి ఉద్యోగం అవసరం లేదు, వంటిల్లు తెలుసు, పదిమందిలో మాట పడగలదు. అడిగినవాటికి సరైన జవాబులొస్తే చేరమనే చెప్పాను. ఏడాది మధ్యలో ప్రోగ్రాం వదిలేస్తే గది కూడా ఖాళీ చేయాలా అన్నది రాతపూర్వకంగా తెప్పించుకోమన్నాను.