వద్దనడమూ, చాలనడమూ

'డీకన్ బ్లూస్' అనే పాటలో ఒకతను ఉంటాడు. నగర శివార్లలో కాపురం. జాజ్ సాక్సోఫోన్ వాయించేవాళ్ల బతుకంటే మహా మోజు. రాత్రంతా క్లబ్బులో వాయించడం, తాగడం, ఎవరేమనుకున్నా తన తోవన తాను పోవడం, చివరికి ఆ తోవలోనే రాలిపోవడం. ఇదంతా తనకు రాసిపెట్టి ఉందని నమ్ముతాడు. సాక్సోఫోన్ ఇంకా చేతపట్టలేదు, నేర్చుకుంటానంటాడు. ఆ బతుక్కి తగిన పేరు మాత్రం ముందే పెట్టేసుకున్నాడు.

పాత రాక్ సంగీతం ఇష్టపడేవాళ్ల మాటలు వింటుంటే నాకు ఇతను గుర్తొస్తుంటాడు. ఏ రికార్డును మెచ్చుకుంటే పరువు, ఏది మెచ్చుకుంటే నామోషీ అన్న లెక్కలు అక్కడ చాలా గట్టివి. ఎవరికీ తెలియని బ్యాండును ముందుగా పట్టుకున్నవాడికి ఒక హోదా. అందరూ వినేదాన్ని ఇష్టమని ఒప్పుకోవాలంటే గుండె ధైర్యం కావాలి. ఈ హోదా మీది ఆశను నేను తక్కువ చేసి మాట్లాడను. పదహారేళ్ల వయసులో చాలామందిని సంగీతంలోకి చెయ్యి పట్టి లాక్కెళ్లేది అదే. ఆ ఆశ గురించి ఇంత దయగా పాట కట్టినవాళ్ల రికార్డే దశాబ్దాల పాటు ఆ లెక్కల్లో కిందా మీదా పడింది. ఆ లెక్కలు కాసేపు పక్కన పెట్టి, ఒట్టి పనితనం కోసం దాన్ని వినాలని నా కోరిక.

రికార్డు పేరు 'ఏజా', ఆసియా ఖండం పేరును అమెరికన్లు పలికినట్టే. 1977 సెప్టెంబరులో వచ్చింది. ఏడు పాటలు, నలభై నిమిషాలు. చేసినది స్టీలీ డ్యాన్, అంటే డొనాల్డ్ ఫేగన్, వాల్టర్ బెకర్. ఇద్దరూ 1967లో న్యూయార్క్ రాష్ట్రంలోని బార్డ్ కాలేజీలో కలిశారు. ఫేగన్ న్యూజెర్సీ శివారు ఇళ్ల మధ్య, అర్ధరాత్రి రేడియోలో జాజ్ వింటూ పెరిగాడు. 'డీకన్ బ్లూస్'లో మనిషిని వాళ్లు బయట నిలబడి చూసి రాయలేదు. 1974లో కచేరీలు మానేశారు. మొదట ఉన్న బ్యాండు చెదిరిపోయింది. మిగిలిన ఇద్దరూ స్టూడియోలో కూర్చుని, ఏ పాటకు ఏ చెయ్యి కావాలో ఆ చేతిని పిలిపించుకోవడం మొదలుపెట్టారు. నిర్మాత గ్యారీ కాట్జ్, ఇంజనీరు రోజర్ నికోల్స్ వాళ్లకు అండ. రికార్డు అట్ట మీద ఏ పాటలో ఎవరు ఏం వాయించారో పేరుపేరునా అచ్చువేశారు. మన సినిమా పాటల క్యాసెట్ల మీద వయొలిన్లు ఎవరివో, తబలా ఎవరిదో వెతికి వెతికి నిరాశపడ్డవాణ్ని కాబట్టి ఆ అట్ట నాకు అపురూపం.

అది వచ్చిన ఏడే లండన్‌లో పంక్ బ్యాండ్లైన క్లాష్ మొదటి రికార్డు, సెక్స్ పిస్టల్స్ రికార్డు వచ్చాయి. మూడు కార్డులు, అంటే కలిపి మోగించే స్వరాల గుత్తులు, పట్టడం వస్తే చాలు, గిటార్ తగిలించుకుని స్టేజీ ఎక్కమన్న కాలం. ఆ గాలిలో, ఒక్కో వరుసకు రోజుల తరబడి కుస్తీ పట్టే మనుషులు కాలానికి ఎదురీదినట్టే కనిపించారు. అమ్మకాలకు లోటు రాలేదు. బిల్‌బోర్డ్ పట్టికలో మూడో స్థానం దాకా వెళ్లింది, పది లక్షలకు పైగా అమ్ముడుపోయింది. పరువుకే లోటు వచ్చింది. నునుపు ఎక్కువ, వేడి తక్కువ అన్నారు. ఖరీదైన స్పీకర్లు కొనేటప్పుడు పరీక్షకు వేసుకునే రికార్డు అన్నారు. 1989లో డి లా సోల్ అనే హిప్‌హాప్ బృందం ఇందులోని 'పెగ్' ముక్క తీసుకుని తమ 'ఐ నో' పాటలో పొదిగింది. 2005లో ఒక హాస్య వీడియోల వరుస ఈ తరహా పాటలకు 'యాట్ రాక్' (విలాస నావల రాక్) అని పేరు పెడితే, ఆటపట్టించడానికి పెట్టిన ఆ పేరే మెల్లగా ముద్దుపేరైంది. ఇప్పుడు ఇరవై ఏళ్లవాళ్లు దీని ఎల్పీలు కొంటున్నారు. రికార్డులో ఒక్క స్వరం కూడా మారలేదు.

నాకు దీనితో చిన్నప్పటి జ్ఞాపకం ఒక్కటీ లేదు. మా ఇంట్లో మోగింది ఘంటసాల, ఆ తర్వాత ఇళయరాజా. ఆ పాటల దగ్గర నా అభిప్రాయాన్ని నేనే పూర్తిగా నమ్మను. పాట ఎంత బావుందో, దాని వెనక మా అమ్మ పోపు వాసన ఎంత ఉందో విడదీయడం నా వల్ల కాదు. 'ఏజా' దగ్గర ఆ చిక్కు లేదు. ఉద్యోగం వచ్చాక, పెద్దవాణ్నయ్యాక, హెడ్‌ఫోన్స్‌లో విన్నాను. ఏ వీధీ, ఏ ముఖమూ గుర్తురాలేదు. నా చెవి పట్టుకున్నది పనినే.

'పెగ్' నాలుగు నిమిషాల పాట. మధ్యలో గిటార్ సోలో సుమారు అర నిమిషం. ఆ అర నిమిషం కోసం ఏడెనిమిది మంది గిటారిస్టులు వచ్చి, వాయించి, వెళ్లారు. 1999లో ఈ రికార్డు తయారీ మీద వచ్చిన డాక్యుమెంటరీలో ఫేగన్, బెకర్ మిక్సింగ్ బల్ల ముందు కూర్చుని, పక్కన పెట్టేసిన ఆ సోలోల్లో కొన్నింటిని వినిపిస్తారు. తప్పుగా వాయించింది ఒక్కటీ లేదు. ఇంకెవరి రికార్డులోనైనా కళ్లకద్దుకుని ఉంచుకునేవాళ్లు. ఎందుకు వద్దన్నారో తెలియాలంటే పాట అడుగుకు దిగాలి. చరణం కింద ఉన్నది పాత పన్నెండు బార్ల బ్లూస్. దాని మీద ఫేగన్ కప్పిన కార్డులు బ్లూస్‌వి కావు, మెత్తనివి, వెలుతురు ఉన్నవి. అక్కడ అచ్చమైన బ్లూస్ వాయిస్తే కార్డులతో తగాదా వస్తుంది. కార్డుల వెంట పడి జాజ్ వాయిస్తే పాటలో హుషారు చచ్చిపోతుంది. చివరికి జే గ్రేడన్ వచ్చి, గంటల తరబడి ప్రయత్నించి దారి కనుక్కున్నాడు. తీగను వంచాడు, జార్చాడు, రెండేసి తీగలు కలిపి లాగాడు. హవాయి గిటార్‌లో ఉండే తీపి ఒకటి వచ్చి చేరింది. బ్లూస్ గొంతు అలాగే ఉంది, దానికి నవ్వు వచ్చింది.

అదే పాటలో బేస్ గిటార్ చక్ రైనీది. అప్పట్లో బొటనవేలితో తీగను కొట్టి వాయించే 'స్లాప్' పద్ధతి ఊపు మీద ఉంది. ఫేగన్, బెకర్‌లకు అది వద్దు. పల్లవికి అదే కావాలని రైనీకి గట్టిగా అనిపించింది. వాళ్లకు తన చేతులు కనబడకుండా అటు తిరిగి, బొటనవేలితోనే కొట్టాడు. వాళ్లు విన్నారు, బావుందన్నారు, అదే ఉంది రికార్డులో. నాకు ఈ కథంటే చెప్పలేనంత ఇష్టం. పేరు చెబితే వద్దన్న వస్తువును, పేరు తెలియకుండా చెవికి తగిలితే తీసుకున్నారు.

పల్లవిలో వెనక నుంచి లేచే బృందగానం నిజానికి ఒక్క మనిషిదే. మైకేల్ మెక్‌డొనాల్డ్ తన గొంతును పొర మీద పొరగా రికార్డు చేశాడు. పొరకూ పొరకూ మధ్య స్వరాల ఎడం చాలా తక్కువ. ఒకటి రి పట్టుకుంటే, పక్కనే ఇంకొకటి గ పట్టుకుని నిలబడాలి. కాస్త ఏమరితే పక్క స్వరం మనల్ని లాగేసుకుంటుంది, లాగేది మన గొంతే. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఒక్క ఈ పొరలనే పట్టుకుని వినండి. పైకి పంచదార పాకంలా ఉన్నది లోపల ఎంత బిగువుగా ఉందో తెలుస్తుంది.

ఆ బిగువే వాళ్ల సంతకం. మామూలు మేజర్ కార్డు అంటే స, గ, ప కలిసి మోగడం. వీళ్లు దానిలో రి చేర్చి, గ పక్కనే ఆనించి పెట్టేవాళ్లు. రెండు స్వరాలు భుజాలు రాసుకుంటూ ఉంటాయి. కార్డు ఆనందంగానే ఉంటుంది, ఆ ఆనందంలో చిన్న నలుసు ఉంటుంది. దీనికి వాళ్లు 'మ్యూ మేజర్' అని పేరు పెట్టుకున్నారు. నునుపు ఎక్కువన్నవాళ్లు ఈ నలుసును విని ఉండరు.

'హోమ్ ఎట్ లాస్ట్'లో డ్రమ్ములు బెర్నార్డ్ పర్డీవి. ఆయన పేరుతోనే పిలిచే 'పర్డీ షఫుల్' ఇక్కడ ఉంది. మన భాషలో చెప్పాలంటే తిశ్రం: ప్రతి మాత్రా మూడు ముక్కలు. కుడిచెయ్యి హైహ్యాట్ తాళాల మీద మొదటి ముక్కనూ చివరి ముక్కనూ పలికిస్తుంటుంది. నడిమి ముక్కను ఎడమచెయ్యి స్నేర్ డ్రమ్ము మీద వినీ వినబడనంత మెల్లగా తాకుతుంది. నాలుగు మాత్రల్లో మూడోదాని దగ్గర మాత్రం అదే ఎడమచెయ్యి గట్టి దెబ్బ వేస్తుంది. ఒకే చేతిలో గుసగుసా, కేకా. మృదంగం మీద సన్నని సొల్లు, నిండు దెబ్బ పక్కపక్కన విన్న చెవికి ఇది కొత్తేమీ కాదు, కానీ రాక్ రికార్డులో ఇంత మెత్తని చెయ్యి అరుదు. ఓడ స్తంభానికి తనను కట్టించుకుని సముద్రంలో పాట విన్న గ్రీకు వీరుడి కథ ఆ పాటకు మూలం. ఆ షఫుల్ మీద పాట నిజంగానే నీళ్లలో ఉన్నట్టు ఊగుతుంది.

పేరు పాట 'ఏజా' దాదాపు ఎనిమిది నిమిషాలు. పొడవాటి, మలుపులు తిరిగిన స్వరలిపిని డ్రమ్ములు వాయించే స్టీవ్ గ్యాడ్ ముందు పెట్టారు. ఒకటి రెండు టేకుల్లోనే అయిపోయిందని అక్కడున్నవాళ్లు ఇప్పటికీ అబ్బురంగా చెబుతారు. మైల్స్ డేవిస్ బృందంలో వాయించి, వెదర్ రిపోర్ట్ స్థాపించినవాళ్లలో ఒకడైన వేన్ షార్టర్ మధ్యలో టెనర్ సాక్సోఫోన్ పట్టుకుంటాడు. ఆయన ఎక్కువ స్వరాలు ఖర్చుచేయడు. ఒక వాక్యం అని ఆగుతాడు. ఆ ఖాళీలోకి గ్యాడ్ విరుచుకుపడతాడు. వీళ్లది చల్లని సంగీతం అన్న మాటకు ఆ ఒక్క నిమిషం చాలు జవాబుగా.

'ఐ గాట్ ద న్యూస్' నాకు అంతగా పట్టలేదు. చేతులు చురుగ్గానే ఉన్నాయి, పాట గుర్తుండదు.

వద్దనడం హద్దు దాటితే ఏమవుతుందో ఆ తర్వాతి రికార్డు 'గౌచో'లో వినిపిస్తుంది. 1980 దాకా పట్టింది. మనుషుల డ్రమ్ములు చాలక రోజర్ నికోల్స్ 'వెండెల్' అనే యంత్రం తయారుచేశాడు. గొప్ప పాటలున్నాయి అందులో, ఊపిరి మాత్రం కాస్త బిగబట్టినట్టు ఉంటుంది. అయినా 'హే నైన్‌టీన్' కోసం దాన్ని క్షమించేస్తాను. వయసు మళ్లుతున్న ఒకతను పంతొమ్మిదేళ్ల అమ్మాయి పక్కన కూర్చుంటాడు. అరీతా ఫ్రాంక్లిన్ పాట వస్తుంది. ఆ గొంతు ఎవరిదో అమ్మాయికి తెలియదు. అతని యవ్వనమంతా ఆ గొంతులోనే ఉంది, దాన్ని పక్క మనిషి చేతిలో పెట్టే దారి లేదు. పాత పాటల మీద మమకారం ఎక్కడ ఒంటరిదవుతుందో ఇంత తక్కువ మాటల్లో చెప్పిన రాక్ పాట నాకు తెలియదు.

మళ్లీ 'డీకన్ బ్లూస్' దగ్గరికి. పాటలో మనిషి సాక్సోఫోన్ వాయించలేడు కాబట్టి అతని కలను ఎవరో ఒకరు వాయించాలి. టామ్ స్కాట్ హారన్లన్నీ, అంటే ఊదే వాద్యాలన్నీ, కూర్చిపెట్టాడు, సోలో జాగా ఖాళీగా ఉంది. టీవీలో 'టునైట్ షో' వచ్చినప్పుడు, ప్రకటనల మధ్య ఆ షో బ్యాండులో ఒక టెనర్ సాక్సోఫోన్ ఫేగన్, బెకర్‌ల చెవిన పడింది. ఎవరో కనుక్కుని పిలిపించారు. పీట్ క్రిస్ట్‌లీబ్. రోజూ సాయంత్రం డ్యూటీకి వెళ్లినట్టు వెళ్లి టీవీ బ్యాండులో వాయించి ఇంటికెళ్లే మనిషి. ఆ పని ముగించుకుని స్టూడియోకు వచ్చాడు. పాట వినిపించారు. ఒకటి రెండుసార్లు వాయించాడు. గిటార్ సోలో కోసం ఏడెనిమిది మందిని సాగనంపినవాళ్లు ఇక్కడ ఇంకో మాట అనలేదు. చాలన్నారు. అతను సర్దుకుని వెళ్లిపోయాడు.

ఆ సోలోను పాట కథతో కలిపి వినండి. అందులో క్లబ్బు పొగ లేదు, తెగించి బతికే హీరో లేడు. లావాటి, వెచ్చని గొంతు, నాలుక మీద ఆడినంత సులువుగా నడిచే వేళ్లు, ఎక్కడా గొప్పకు పోని వాక్యాలు. మొదటిసారి పాట మధ్యలో వస్తుంది. మళ్లీ చివర్లో, పాడే గొంతు తన మాటలన్నీ చెప్పేసి ఆగిపోయాక, సాక్సోఫోన్ ఒంటరిగా తిరిగొస్తుంది. తీగ తెంపకుండా వాయిస్తూనే ఉంటుంది, వాల్యూమ్ తగ్గుతూ తగ్గుతూ వినబడకుండా పోయేదాకా.