బడి వంటమ్మ పనితనం

ప్రభుత్వ బడిలో మధ్యాహ్నం గంట కొట్టేసరికి వేడి అన్నం సిద్ధంగా ఉందంటే, అది వంటమ్మ కష్టం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003లో మొదలైన మధ్యాహ్న భోజనం ఆమె రెక్కల మీదే నడుస్తోంది.

ప్రాథమిక తరగతుల్లో తలకు 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు. ఆరు నుంచి ఎనిమిది తరగతులకు 150, 30 గ్రాములు. వంద మంది చిన్నపిల్లలకు పది కిలోల బియ్యం! అంత అన్నం అడుగంటకుండా, ముద్దకాకుండా దించడం ఇంటి వంటంత సులువు కాదు. రెండు మెతుకులు వేళ్ల మధ్య నలిపి, పలుకు పోయిందో లేదో ఇట్టే చెబుతుంది. పొగకు కళ్లు మండుతున్నా పోపు మాడనివ్వదు.

వడ్డించేటప్పుడు చూడాలి ఆమెను. పొద్దున ఏమీ తినకుండా వచ్చిన పిల్లాణ్ణి ముఖం చూసే పోల్చుకుంటుంది. "ఇంకాస్త వేసుకో నాన్నా" అంటూ మరో గరిటె వేస్తుంది. పిల్లలంతా తిని లేచాక, గిన్నెలు తోమి, అప్పుడు నడుం వాలుస్తుంది.

వంట వచ్చినవాళ్లు చాలామంది ఉంటారు. రోజూ వంద ఆకళ్లు తీర్చే ఓపిక, నేర్పు అందరికీ రావు. ఆ నేర్పుకు కొద్దిపాటి గౌరవ వేతనం చాలదు. తగిన జీతం, వంట ఖర్చుల బిల్లులు వేళకు అందడం ఆమె హక్కు.