కారం పరాయిది, నూరే చెయ్యి మనది

గుంటూరు విస్తట్లో ఏముంటాయో తెలుగువాళ్లకు చెప్పనక్కర్లేదు. ముద్దపప్పు, గోంగూర పచ్చడి, కొరివి కారం, ఒక పులుసు, చివర గడ్డపెరుగు. వీటిలో ఏ దినుసు పుట్టిల్లు ఎక్కడో ఆరా తీస్తే మాత్రం దిమ్మ తిరుగుతుంది. మిరపది అమెరికా ఖండం. వేరుశనగదీ అదే. గోంగూర, చింత, జొన్న ఆఫ్రికా నుంచి వచ్చాయని వృక్షశాస్త్రజ్ఞులు చెబుతారు. ఇంగువ ఇరాన్, అఫ్గానిస్తాన్ కొండల సరుకు. కంది, మినుము, నువ్వు మన ఉపఖండంలో పుట్టినవి. ఇన్ని దేశాల సరుకు కలిసిన ఈ భోజనం గుంటూరు, ప్రకాశం పల్లెల సొంతం ఎలా అయింది? దినుసుల చరిత్రలో దానికి సగం జవాబే దొరుకుతుంది. మిగతా సగం రోటి దగ్గర ఉంది.

మిరప రాకముందు మనకు కారమంటే ముఖ్యంగా మిరియమే. అది కేరళ కొండల్లో పండి, వర్తకుల చేతులు మారి ఇక్కడికి చేరేది. కలవాళ్లకే అందే సరుకది. 1498లో వాస్కో డ గామా కాలికట్ చేరాడు. 1510లో పోర్చుగీసులు గోవా పట్టుకున్నారు. వాళ్ల ఓడల్లో దిగిన మిరప మెల్లగా దక్కన్ అంతా పాకింది. పల్నాటి జొన్నకూటి మీద శ్రీనాథుడు విసుక్కున్నాడని చెప్పే చాటువులు మన నోళ్లలో ఇంకా ఉన్నాయి. ఆయన 15వ శతాబ్దివాడు. ఆయన కాలానికి ఈ నేల మిరపకాయ మొహం చూడలేదు. కొరివి కారం నంజుకుని తిని ఉంటే ఆ విసుగు కాస్త తగ్గేదేమో!

పెరట్లో నాలుగు మిరప మొక్కలు వేస్తే ఇల్లు గడిచే కారం ఇది. అందుకే ముందుగా పేదవాడే దీన్ని అక్కున చేర్చుకున్నాడు. నల్లరేగడిలో పత్తి తీసేవాళ్లకూ, కలుపు తీసేవాళ్లకూ మధ్యాహ్నం గట్టుమీద తినేది చద్దన్నమో జొన్నరొట్టో. పక్కన ఒక ఉల్లిపాయ, ఒక పచ్చిమిరపకాయ. కూరకు గతిలేని ఇంటి గురించి చెప్పాలంటే ‘గొడ్డుకారం మెతుకులు తిని బతికారు’ అని ఇప్పటికీ అంటాం. పెద్ద పళ్లెం అన్నాన్ని ఒక చెంచాడు కారంతో లోపలికి పంపగలగడం, ఈ మెట్ట పల్లెల్లో మిరపకు దక్కిన మొదటి గౌరవం. మిరప పైరుకు విస్తారంగా నీరందింది మాత్రం చాలా తరవాత, 1967లో నాగార్జునసాగర్ కాలువలు పారాక.

ఇక పనితనం సంగతి. కొరివి కారం చూడండి. సంక్రాంతి దాటాక చెట్టునే పండి, ఇంకా ఎండని ఎర్రకాయ కావాలి. తొడిమలతోనే కడగాలి. ముందే తొడిమ తీస్తే కాయలోకి నీళ్లు పోతాయి. గుడ్డమీద నీడన ఆరబోసి, చెమ్మ లేదని చేత్తో చూసుకున్నాకే తొడిమలు ఒలవాలి. కిలో కాయకు పావుకిలో చింతపండు, అంతకు కొంచెం తక్కువగా రాళ్లుప్పు. కాయనూ ఉప్పునూ రోట్లో కచ్చాపచ్చాగా తొక్కి, ఈనెలు తీసిన చింతపండును మధ్యలో పెట్టి జాడీలో అదమాలి. చుక్క నీరు పొయ్యకూడదు. ఉప్పు కాయలోని రసాన్ని బయటికి లాగుతుంది, ఆ రసంలోనే చింతపండు నానుతుంది. మూడోరోజు తీసి మెత్తగా నూరి, వేయించిన మెంతిపొడి కలుపుతారు. పాడుచేసే క్రిములను ఉప్పూ పులుపూ కలిసి దగ్గరికి రానివ్వవు. మెంతి చిరుచేదు కారం దూకుడును కాస్త అదుపు చేస్తుంది. జాడీ మొత్తానికి ఒకేసారి తాలింపు పెట్టరు. వారానికి సరిపడా తీసుకుని ఆవాలు, మినప్పప్పు, వెల్లుల్లి, ఇంగువతో పోపు వేస్తారు. అలా చేస్తే ఏడాది పొడుగునా వెల్లుల్లి వాసన తాజాగానే ఉంటుంది.

గోంగూరకు చెయ్యి మారుతుంది. ఎర్రకాడ గోంగూరకు పులుపెక్కువ, తెల్లకాడదానికి తక్కువ. ఆకును కడిగి ఆరబెట్టి, నూనెలో నీరంతా ఇగిరేదాకా మగ్గించాలి. మెంతులు, ధనియాలు, ఎండుమిర్చి విడిగా వేయించి ముందు నూరుకుని, ఆ తరవాతే ఆకు వెయ్యాలి. పచ్చి ఉల్లిపాయ ముక్కలు వడ్డించే ముందు కలపాలి. ఆకు పులుపు, మిరప ఘాటు, ఉల్లి కరకర ఒకే ముద్దలో విడివిడిగా తెలిస్తే పచ్చడి కుదిరినట్టు.

ఇంత కారం ఎలా తింటారని బయటివాళ్లు అడుగుతారు. ఒట్టి కారం ఎవరూ తినరు. కొరివి కారం పక్కన ముద్దపప్పు, దానిమీద నెయ్యి, ఆఖర్న పెరుగు ఉండటానికి కారణముంది. మిరపలో మంట పుట్టించే క్యాప్సైసిన్ నీళ్లలో సరిగా కరగదు, కొవ్వులో కరుగుతుంది. పాలలోని కేసిన్ అనే మాంసకృత్తు దాన్ని నాలుక మీద నుంచి లాగేస్తుంది. చెంబెడు మంచినీళ్లు తాగినా ఆరని మంట రెండు ముద్దల పెరుగన్నంతో చల్లారుతుంది. ఈ శాస్త్రం పేరు వినకుండానే మన అమ్మమ్మలు వడ్డన వరస ఖాయం చేశారు.

వచ్చినదాన్ని తనదిగా మార్చుకునే ఈ గుణం తీపిలోనూ కనబడుతుంది. ఇరాన్ వైపు నుంచి వచ్చిన జిలేబీ తెనాలిలో బెల్లం పాకంలో మునిగి నల్లబడింది. మైసూరు రాజుల వంటశాలలో పుట్టిందని చెప్పే మైసూరుపాక్ ఒంగోలులో అల్లూరయ్య పేరుతో కలిసిపోయింది. లోకమంతా ఇదే తీరు. తైవాన్ తన వంటకంగా గర్వంగా చెప్పుకునే నూడుల్స్ పులుసు, 1949 తరవాత చైనా నుంచి తరలివచ్చిన సైనిక కుటుంబాల ఇళ్లలో రూపుదిద్దుకుంది. అందులోకి గోధుమపిండి అమెరికా సాయంగా వచ్చింది. వంటకం ఎవరిదో తేల్చేది దాన్ని రోజూ వండుకు తినేవాళ్లే.

ఒకప్పుడు ఓడలో వచ్చిన కాయ ఇప్పుడు మన రేవుల నుంచి ఓడలెక్కి చైనా, థాయ్‌లాండ్ వెళుతోంది. గుంటూరు సన్నం మిరపకు భౌగోళిక గుర్తింపు దక్కింది. లాం పరిశోధన కేంద్రం ఎల్‌సీఏ 334 వంటి రకాలు ఇచ్చింది. కల్లాల్లో కాయ ఆరబోసి, తాలుకాయ ఏరి, బస్తాలకెత్తి మిర్చి యార్డుకు పంపే కూలీల చెమట గుంటూరు మిరప పేరు వెనక ఉంది. ఊరూరా హోటళ్లు మాత్రం కూరలో రెండు గరిటెలు కారం గుమ్మరించి ‘గుంటూరు స్పెషల్’ అని బోర్డు పెడుతున్నాయి. పులుపు, ఉప్పు, చేదు, నెయ్యి, పెరుగు లేని ఘాటును గుంటూరు వంట అనడం అన్యాయం.

రోలు లేనివాళ్లు మిక్సీలోనైనా ఆపి ఆపి తిప్పుకోవచ్చు. కానీ జాడీ, రాళ్లుప్పు, మూడురోజుల ఓపిక తప్పనిసరి. వచ్చే సంక్రాంతి వెళ్లాక పండుమిరప బజారుకు వచ్చినప్పుడు ఒక్క కిలో తెచ్చి కొరివి కారం పట్టండి. పక్కన మీ పిల్లల్ని కూర్చోబెట్టుకోండి. చేత్తో చూసి నేర్చుకుంటేనే ఈ వంట తరవాతి తరానికి అందుతుంది.