ముందు కంటికి, తర్వాతే ఫోనుకు

మునిర్కాలో మా డాబా ఎక్కితే వేళ్ల మీద లెక్కపెట్టేన్ని చుక్కలే కనిపిస్తాయి. మిగతావన్నీ ఢిల్లీ దీపాలూ దుమ్మూ మింగేశాయి. చందమామను, గురుణ్ణి, శనిని దాచడం మాత్రం వాటి వల్ల కాదు. అందుకే తీన్‌మూర్తి భవన్ ఆవరణలో 1984 నుంచి ఉన్న నెహ్రూ ప్లానెటేరియం వాళ్లు జనానికి టెలిస్కోపు చూపిస్తారంటే వెళ్లి వరసలో నిలబడతాను.

మన వంతు వచ్చాక దొరికేది అర నిమిషం. ఫొటో తీయబోయి ఫోను టెలిస్కోపు కటకానికి కాస్త తగిలినా చందమామ తప్పిపోతాడు. తగలకపోయినా ఆగడు. భూమి తిరుగుతుంటుంది కాబట్టి, తన వెడల్పంత దూరం జరగడానికి ఆయనకు రెండు నిమిషాలు చాలు. ఫోకస్ కుదరగానే లాక్ చేయాలి. వెలుగు బాగా తగ్గించాలి, లేకపోతే బిలాలన్నీ తెల్లగా అలికేసినట్టవుతాయి. రెండు సెకన్ల టైమర్ పెడితే వేలి అదురు ఫొటోలో పడదు.

తిథి కూడా చూసుకోవాలి. పున్నమినాడు ఎండ ఎదురుగా పడి నీడలుండవు, చందమామ బల్లపరుపుగా ఉంటాడు. శుక్ల అష్టమినాడైతే వెలుగుచీకట్ల సరిహద్దులో అక్కడ అప్పుడే తెల్లవారుతుంటుంది. టాలెమేయస్ బిలం గట్లు పొడుగాటి నీడలు పరుస్తాయి. దాని వెడల్పు దాదాపు హైదరాబాదు నుంచి వరంగల్లంత.

ఆ నీడలు ఫొటో తీసినప్పుడల్లా నాకు హైదరాబాదులోని బేగంపేట గుర్తొస్తుంది. 1901లో నవాబ్ జఫర్ జంగ్ స్థాపించిన నిజామియా అబ్జర్వేటరీ తర్వాత అక్కడికి మారింది. పలు దేశాలు ఆకాశాన్ని పంచుకుని ఫొటోలు తీయాలని 1887లో పారిస్‌లో తలపెట్టిన పనిలో హైదరాబాదూ వాటా తీసుకుంది. 8 అంగుళాల టెలిస్కోపుతో గాజు పలకల మీద ఫొటోలు తీసి, ఏడున్నర లక్షలకు పైగా నక్షత్రాల స్థానాలు కొలిచి అచ్చువేశారు. పలక మీద వెలుగు పడుతున్నంతసేపూ పక్కనున్న మరో టెలిస్కోపుకు కన్ను ఆనించి, గుర్తు నక్షత్రం అందులోని అడ్డుతీగల కూడలి దాటకుండా ఒక మనిషి కాపు కాయాల్సిందే. చూపు చెదిరితే ఫొటో చెడేది.

ఇప్పుడు అసలు చూడకుండానే ఫొటో తీయవచ్చు. అంతసేపు వరసలో నిలబడి, కటకంలోకి ఒక్కసారీ తొంగిచూడకుండా ఫోను నింపుకుని వెళ్లేవాళ్లను చూస్తే మనసు చివుక్కుమంటుంది. వాళ్లు శని వలయాలను తమ కంటితో చూసే అవకాశం వదిలేసుకున్నారు.

మీ ఊళ్లో టెలిస్కోపు పెడితే పిల్లల్ని తీసుకెళ్లండి. దొరికిన అర నిమిషంలో ఇరవై సెకన్లు కంటికివ్వండి. ఫొటోకు పది చాలు.